డిక్కీలో వాన

బటూమిలో వానకు వేళాపాళా లేదు.
సముద్రం మీద లేస్తుంది, కొండను గుద్దుకుంటుంది,
వెనక్కి తూలి మా వీధి మీద కూలబడుతుంది.
షుక్రీ పాత ఓపెల్ డిక్కీలో మాత్రం
వాన వెలిశాక కూడా కురుస్తూనే ఉంటుంది.

స్టెప్నీ కింది గుంటలో జానెడు నీళ్లు.
మలుపు తిరిగితే గుడగుడ. బ్రేకు వేస్తే గుడగుడ.
విమానం దిగొచ్చిన ఆసామి ఒకడు
"వెనక చేపలేమైనా పెంచుతున్నావా?" అన్నాడట.
పెట్టె అడుగున తడిసిన అతని చొక్కాలకు
షుక్రీ కిరాయి వదులుకున్నాడు.

బీడింగు రబ్బరు రెండుసార్లు మార్చాడు.
వెనక దీపాలు ఊడదీసి, జిగురు పూసి, బిగించాడు.
రోజూ పొద్దున్నే మగ్గుతో తోడుకున్నాడు.
"ముసలిదైంది, ఏడుస్తుంది, ఏడవనీ"
అన్నాడు మెకానిక్కు జుంబేరు.
అరవై రెండేళ్ల మనిషికి ఆ మాట ఎక్కడ తగిలిందో
ఆ రాత్రే మా తలుపు కొట్టాడు.
"నజీబ్రోలా, ఏమనుకోకు.
ఈ మెట్ల మీద అందరికన్నా పొట్టిదానివి నువ్వే."

హోటలు పనివాళ్లకు కోట్లు కుట్టే దాన్ని.
మర్నాడు నన్ను నేనే మడతపెట్టుకుని
డిక్కీలో పడుకున్నాను, నోట్లో టార్చి,
అతుకు అతుకునా నేనే చల్లిన పసిపిల్లల పౌడరు.
మూత పడింది.
తడి గొంగళి వాసన, పెట్రోలు వాసన,
ఎప్పుడో పోయినేడు పగిలిన నారింజల వాసన.

"వెలుతురు కనిపిస్తోందా?" బయట షుక్రీ.
లేదు. సూదిమొనంత కూడా లేదు.
వెలుతురు దూరని సందులోంచి
నీళ్లు దూరతాయని నాకప్పటికి తెలియదు.

గొట్టం పట్టింది అతని భార్య నానులీ.
కింద నుంచి మొదలుపెట్టింది, నేను చెప్పినట్టే:
బంపరు, దీపాలు, మూత అంచు.
"వచ్చిందా?" "రాలేదు."
"ఇప్పుడు?" "రాలేదమ్మా, నా నడుము వచ్చేట్టుంది."
వెనక అద్దం. పొడి.
చివరికి విసిగిపోయి నేరుగా కారు నెత్తిన పోసింది.

అప్పుడు,
కీలు పక్కన, పౌడరు మీద, ఒక చుక్క.
పడలేదది. నడిచింది.
నల్లటి సన్నదారం ఒకటి తెల్లగుడ్డ మీద లాగినట్టు
చక్రం గూడు వంపు మీదుగా, వైర్ల గుత్తిని ఒరుసుకుని,
తన ఇంటికి తానే పోతున్నట్టు
తిన్నగా స్టెప్నీ గుంటలోకి.

నవ్వొచ్చింది నాకు. ఇది నా పనే!
జేబు జారిందని కోటు తెస్తారు,
తీరా చూస్తే కుట్టు భుజం దగ్గర విడి ఉంటుంది.
నీళ్లు దొరికిన చోటు వేరు, దూరిన చోటు వేరు.
షుక్రీ ఇన్నాళ్లూ జేబు కుడుతున్నాడు.

కప్పు పక్కన నీళ్లు పారే సన్న కాలువ,
దాని అడుగున ఫ్యాక్టరీ వాళ్లు పూసిన మైనం
ఎండి, బీటలిచ్చి, రొట్టెపెచ్చులా లేస్తోంది.
దబ్బనంతో గీకాను. తుప్పు రాలింది, గోధుమరంగు టీపొడిలా.
వెంటనే పూసేద్దామన్నాడు. చేతి మీద కొట్టాను.
తడి మీద అతుకు నిలవదు, బట్టకైనా ఇనుముకైనా.
రెండు రోజులు నానులీ జుట్టు ఆరబెట్టుకునే మిషను
కారు నెత్తికి పట్టుకుని కూర్చున్నాడు,
వీధంతా చూస్తుండగా.
మూడో రోజు సీలెంటు. వేలితో నేనే నొక్కాను.

కొత్తగా పౌడరు చల్లి, కాసేపు ఎండ తగలనిచ్చి మూశాడు.
ఆపైన నాలుగు రోజులు ఆగకుండా వాన.
అయిదో రోజు మెట్ల కింది నుంచి ఒకటే అరుపు,
"నజీబ్రోలా! రా, వచ్చి చూడు!"
చెప్పుల్లేకుండా దిగాను, గుండె దడదడ.

డిక్కీ తెరిచి నిలబడ్డాడు, పెళ్లికొడుకులా.
లోపల చూడ్డానికి ఏమీ లేదు.
పొడి పౌడరు. దాని మీద ఈ చివర నుంచి ఆ చివరకి
జుంబేరు పిల్లి అడుగులు.

స్టెప్నీ పక్కన మగ్గు మాత్రం అలాగే ఉంది.
నేనేమీ అనలేదు.